కృతజ్ఞతల పేజీ

థీసిస్ టైపు చేసేవాళ్లకు ఒక నియమం ఉంది. కన్ను అక్షరం మీద ఉండాలి, మనసు అర్థం మీదకు పోకూడదు. పోయిందా, వేలు తప్పుతుంది. విశ్వవిద్యాలయం వెనక గేటుకు ఎదురుగా, చెప్పుల దుకాణానికీ కళ్లద్దాల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న చిన్న కొట్లో ఆమె పద్నాలుగేళ్లుగా ఈ నియమం మీదే బతుకుతోంది. నేలలో ఉప్పు గురించి టైపు చేసింది, పాతకాలపు పన్నుల గురించి చేసింది, దోమ రెక్కల గురించి నాలుగు వందల పేజీలు చేసింది. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, ఎక్కనివ్వలేదు. విద్యార్థులంతా ఆమెను టైపక్క అంటారు. లోపలి గదిలో జిగురు గిన్నె, అట్టలు, కత్తిరించే మెషిన్ మధ్య కూర్చుని బైండింగ్ చేసే ఆమె భర్తకు మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. ఆ సంగతి మీద ఆయనకు కాస్త గుర్రు.

సోమవారం మధ్యాహ్నం ఆ నియమం మూడో వాక్యం దగ్గర తెగిపోయింది.

కాగితాలు తెచ్చింది పిట్ట. మనిషి అయిదడుగులు కూడా ఉండదు, గొంతు మాత్రం రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. పిట్ట కొంచెం కూత ఘనం అని ఎవరో అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. పన్నెండు రోజులుగా పాలనా భవనం మెట్ల మీద కూర్చున్న అమ్మాయిల్లో ముందు వరుస ఆమెదే. పరిశోధనకు వచ్చిన ఆడపిల్లల మీద ఒక ప్రొఫెసర్ చెయ్యి వేస్తున్నాడు, విచారించండి అని వాళ్లు అడుగుతున్నారు. నోటిమాటలు చెల్లవు, ఏం చెప్పినా రాసి మంగళవారం నాలుగింటిలోపు ఇవ్వండి అని కమిటీ తేల్చేసింది.

"తొమ్మిది మంది రాశారక్కా. పేర్లు పెట్టలేదు. కానీ చేతిరాత ఉంది కదా, ఆయన చూస్తే పట్టేస్తాడు. వీళ్లందరి పేపర్లూ దిద్దేది ఆయనే." పిట్ట గొంతు ఈ రోజు చెప్పుల దుకాణం దాకా కూడా పోవడం లేదు. "టైపు చేసి అయిదు కాపీలు కుట్టివ్వండి. రేపు మూడింటికల్లా. ఇంకెవర్నీ నమ్మలేను."

ఏ ప్రొఫెసరో పిట్ట చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆయన దగ్గర చేరిన ప్రతి స్కాలర్ థీసిసూ ఈ కొట్లోనే టైపవుతుంది, ఈ కొట్లోనే అట్ట వేసుకుంటుంది. ఆయన వద్దన్న రోజున ఈ తలుపులు మూసుకోవాల్సిందే.

పిట్ట వెళ్లగానే భర్త లోపలి నుంచి జిగురు చేతులతోనే వచ్చాడు. "పులి నోట్లో తల పెడుతున్నావు."

"తల కాదు, వేళ్లే."

"వేళ్లు పోయాక ఏం పెట్టి టైపు చేస్తావు?"

ఆమె చూపు కంప్యూటర్ మీదికి పోయింది. అందులో ఒక మూలన రెండేళ్లుగా ఎవరూ తెరవని ఫైలు ఉంది. ఆ ప్రొఫెసర్ దగ్గరే చేరిన ఒక స్కాలరుది. మూడు అధ్యాయాలు టైపయ్యాయి. నాలుగోది తెస్తానని వెళ్లిన అమ్మాయి మళ్లీ రాలేదు. పెళ్లయిందేమో, ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. అనుకోవడం తేలిక, అడగడమే కష్టం. అడగలేదు.

మొదటి కాగితం ఆకుపచ్చ సిరా. "పుస్తకం ఇస్తాను, సాయంత్రం నా గదికి రమ్మన్నారు" అని మొదలైంది. రెండో వాక్యంలో తలుపు ఉంది. మూడో వాక్యంలో గడియ పడిన చప్పుడు ఉంది. ఆమె వేళ్లు ఆ గడియ దగ్గర ఆగిపోయాయి. ఆ గది ఆమెకు తెలుసు. ప్రూఫులు ఇవ్వడానికి ఎన్నిసార్లు వెళ్లిందో! తలుపు బిగుసుకుపోయి ఉంటుంది, గడియ వేయాలంటే భుజంతో నెట్టాలి. అంటే అది గాలికి పడే గడియ కాదు.

"ఏమ్మా, పనిలో ఉన్నావా?"

గుమ్మంలో ఆయన.

ఎలా తోసిందో తెలియదు, తొమ్మిది కాగితాలూ పక్కనే ఉన్న థీసిస్ ప్రూఫుల కట్ట కిందికి వెళ్లిపోయాయి. తెర మీది పేజీని మూసేసింది. ఆయన ఎప్పటిలాగే నవ్వుతూ స్టూలు లాక్కున్నాడు, నడుం నొప్పి ఎలా ఉందని లోపలికి కేకేసి ఆమె భర్తను పలకరించాడు, ఆమె కూతురి చదువు సంగతి అడిగాడు.

"వచ్చే ఏడు మా దగ్గరికే పంపించు. నేను చూసుకుంటాను."

పోయిన నెల ఇదే మాటకు ఆమె చేతులు జోడించింది.

"మా కొత్త అమ్మాయి ముందు పేజీలు వచ్చాయా?" అంటూ ఆయనే కట్ట మీదికి చెయ్యి చాచాడు. ఆయన పద్ధతే అంత. అధ్యాయాలు ఎప్పుడైనా రావచ్చు, కృతజ్ఞతల పేజీ మాత్రం మొట్టమొదట తయారవ్వాలి. ఇల్లు కట్టకముందే గుమ్మానికి పేరు పలక చేయించే మనిషి. ఆ పేజీ స్కాలర్లు రాసేది కూడా కాదు. "పిల్లలకు రాయడం రాదమ్మా" అంటూ ఎర్ర పెన్ను తీసి ఆయనే రాసేవాడు. తన డప్పు తనే కొట్టుకోవడం చూసి ఆమె, ఆమె భర్త ఎన్నేళ్లు నవ్వుకున్నారో!

ఆయన పై కాగితం తీసుకున్నాడు, రాసుకోవడానికి మిగతా కట్టనే ఒళ్లో పెట్టుకున్నాడు. కట్ట అడుగున ఆకుపచ్చ సిరా అంచు గోరంత బయటికి కనిపిస్తోంది. ఆమె ఆ గోరంత మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఎర్ర పెన్ను గట్టిగా నొక్కుకుంటూ కదిలింది.

"'నా గైడు' అని ఊరికే ఉందేంటి? 'తండ్రిలాంటి నా గైడు' అని పెట్టు. ఆప్యాయంగా ఉంటుంది."

"అలాగే సార్."

"ముఖం పాలిపోయిందేంటి, ఒంట్లో బాగాలేదా?"

"ఎండ సార్."

ఆయన కట్ట తిరిగి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆమె బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

*

ఆ భయంలోనే పని జరిగింది. భయపడుతూ చేసిన పని ఎలా ఉంటుందో తెలిసిందే.

కొత్త పుస్తకం మొదలుపెట్టేటప్పుడు ఈ వృత్తిలో ఎవరూ ఖాళీ పేజీతో మొదలుపెట్టరు. ఏదో ఒక పాత థీసిస్ ఫైలు తెరిచి, వేరే పేరుతో దాచుకుని, లోపలి మాటలు తుడిచేసి కొత్తవి కొడతారు. మార్జిన్లు, పేజీ నంబర్లు మళ్లీ పెట్టుకునే పని తప్పుతుంది. ఆమె కూడా అదే చేసింది. తొమ్మిది మంది మాటలూ కొట్టింది. కొట్టాక ప్రతి పేజీ ప్రింటు తీసి, స్కేలు పెట్టి వరుస వరుసా చదవడం ఆమె అలవాటు. పద్నాలుగేళ్లలో ప్రూఫు చూడకుండా కాగితం బయటికి పంపలేదు. మంగళవారం మాత్రం చూడలేదు. మరోసారి చదివే ధైర్యం లేకపోయింది.

భర్త పేజీలు వరుసలో పెట్టాడు. ముందు అట్ట పేజీ, తర్వాత కృతజ్ఞతలు, తర్వాత విషయసూచిక. ఆ వరుస ఆయన చేతులకు అలవాటే. అలవాటైన వరుస కనిపిస్తే చేతులు ఆగవు. కుట్టాడు, జిగురు రాశాడు, అంచులు కోశాడు. పిట్ట మూడుంబావుకు పరిగెత్తుకుంటూ వచ్చి, పాత వార్తాపత్రికలో చుట్టిన అయిదు పుస్తకాలూ, తొమ్మిది చేతిరాత కాగితాలూ పట్టుకుని పరిగెత్తుకుంటూనే వెళ్లిపోయింది.

బుధవారం సాయంత్రం మళ్లీ వచ్చినప్పుడు నడుచుకుంటూ వచ్చింది. స్టూలు మీద కూర్చుని, ఒక పుస్తకం బల్ల మీద పెట్టి, రెండో పేజీ తెరిచి చూపించింది.

"తండ్రిలాంటి నా గైడు, నా జీవితానికి వెలుగు చూపిన మహనీయులు..." కింద ఆ ప్రొఫెసర్ పేరు, హోదాలతో సహా.

ఆమె పాత ఫైలులో అన్నీ తుడిచింది. ఈ ఒక్క పేజీ తుడవలేదు. తొమ్మిది మంది ఆడపిల్లలు ఎవరి మీద ఫిర్యాదు చేశారో, ఆయనకే ముందు పేజీలో దండం పెట్టించి పంపింది.

"కమిటీ అధ్యక్షురాలు పైకి చదివిందక్కా. మిగతావాళ్లు నవ్వారు. ఒకాయనైతే కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు." పిట్ట గోరు కొరుక్కుంటోంది. "ఆవిడ నవ్వలేదు. ఇదేంటమ్మా, ఒక చేత్తో మొక్కుతూ ఒక చేత్తో రాళ్లేస్తారా, ఇవన్నీ ఎక్కడివో కాగితాలు అతికించి చేసినవా అని అడిగింది. శనివారం పదకొండింటికి సమాధానం చెప్పాలట. చెప్పలేకపోతే ఫిర్యాదు కల్పితమని కొట్టేస్తారు. మెట్ల మీద కూర్చున్నవాళ్లందరికీ నోటీసులు. నన్ను హాస్టల్లోంచి పంపేస్తారు."

"నేనొచ్చి చెప్తాను, తప్పు నాదేనని" అనాలని ఆమె నోరు తెరిచింది. కానీ చెబితే టైపు చేసిందెవరో తెలిసిపోతుంది. అయినా ఆ వాక్యం చూసిన మరుక్షణం ఆయనకు తెలిసిపోయే ఉంటుంది.

"టైపు చేసింది ఎవరో నేను చెప్పలేదక్కా. చెప్పను కూడా" అంది పిట్ట. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

*

గురువారం పదింటికి ఫోన్ మోగింది. ప్రొఫెసర్ గొంతులో కోపం ఏ కోశానా లేదు, వెన్న రాసినట్టుంది.

"ఏమ్మా, ఏదో పొరపాటు జరిగినట్టుంది. పోనీలే, మనుషులన్నాక జరుగుతుంటాయి. నేనేమీ మనసులో పెట్టుకోను. ఒక్క చిన్న పని చెయ్యి. నేను దిద్దిన పాత ప్రూఫులన్నీ మీ అటక మీద చెత్తలా పేరుకుపోయి ఉంటాయి కదా. కట్ట కట్టి ఉంచు. రేపు సాయంత్రం నేనే వచ్చి తీసుకెళ్తాను."

ఆమె "అలాగే సార్" అంది. ఫోన్ పెట్టేశాక ఆ మాటే మళ్లీ మళ్లీ చెవుల్లో తిరిగింది. భర్తకు చెప్పింది. ఆయన అట్ట మీద గీస్తున్న పెన్సిల్ ఆపేశాడు.

"పద్నాలుగేళ్లలో ఎప్పుడైనా పాత కాగితాలు అడిగాడా?"

"లేదు."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్నమాట."

దిద్దిన ప్రూఫులు దాచడం ఆ కొట్టు ఆచారం. థీసిసులో తప్పు బయటపడితే స్కాలర్లంతా "టైపక్క తప్పు కొట్టింది" అని ఆమె నెత్తిన రుద్దుతారు. అప్పుడు వాళ్లు దిద్దిన కాగితమే తీసి చూపించాలి. అందుకని ఏ కట్టకాకట్ట దారంతో కట్టి అటక మీద పడేస్తారు. శుక్రవారం పొద్దున్నే భర్త నిచ్చెన వేశాడు. నడుం పట్టుకుని మూలుగుతూనే ఆ ప్రొఫెసర్ స్కాలర్లవి ఏడు కట్టలు దించాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని విప్పారు.

ఏడు కట్టలు, ఏడు కృతజ్ఞతల పేజీలు, ఒకే ఎర్ర సిరా. ఏడింటిలోనూ తండ్రిలాంటి గైడు, ఏడింటిలోనూ వెలుగు చూపిన మహనీయులు. ఒకమ్మాయి ముందు తనంతట తను రాసుకుంది. వాళ్లమ్మకీ, తాళం వేసే వేళ దాటినా కూర్చోనిచ్చిన లైబ్రరీ గుమాస్తాకీ కృతజ్ఞతలు చెప్పుకుంది. ఆయన వాళ్లిద్దర్నీ అడ్డంగా కొట్టేసి తనను రాసుకున్నాడు. ఇన్నేళ్లూ వీటిని చూసి నవ్వుకున్నామే అని ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏడోది మూడు అధ్యాయాల దగ్గర ఆగిపోయిన అమ్మాయిది. అందులో ఎర్ర సిరాతో 'తండ్రిలాంటి' అని ఉంది. దాని మీద సన్నగా ఒక పెన్సిల్ గీత. పక్కన ఆయన మళ్లీ ఎర్రగా, ఇంకా పెద్దగా 'తండ్రిలాంటి' అని రాశాడు. దాని మీద మళ్లీ పెన్సిల్ గీత. ఈసారి కాగితం కొంచెం చిరిగింది.

"ఇది అప్పుడు చూడలేదా నువ్వు?" అన్నాడు భర్త.

"చూశాను. రెండుసార్లు కొట్టేసి ఉంది, మరి ఉంచాలా తీసెయ్యాలా అని ఆయన్నే అడిగాను." ఆమె కాగితం చిరిగిన చోట వేలు పెట్టింది. "ఉంచమన్నాడు, ఉంచాను."

కట్ట మీద ఆ అమ్మాయి ఫోన్ నంబరు ఉంది. అడగకుండా ఈ కాగితం ఎవరికీ చూపించకూడదు, అది మాత్రం ఆమెకు తెలుసు. నాలుగుసార్లు అంకెలు నొక్కి నాలుగుసార్లు ఆపేసింది. అయిదోసారి మోగనిచ్చింది. అవతల పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్న గోల. తనెవరో చెప్పింది. మెట్ల మీది అమ్మాయిల సంగతి చెప్పింది, తన తప్పు చెప్పింది.

"మీ కాగితం నా దగ్గరుందమ్మా. మీరు కొట్టేసిన గీత కూడా ఉంది."

అవతల తలుపు వేసిన చప్పుడయింది. ఎక్కాల గోల తగ్గింది.

"చెరిగిపోలేదా?" అంది ఆ గొంతు. "పెన్సిల్ కదా."

"చెరగలేదు."

"నేను ఆలోచించుకోవాలి" అని ఫోన్ పెట్టేసింది.

భర్త అప్పటికే ఆరు పేజీల మీద అమ్మాయిల పేర్లున్న చోటల్లా తెల్లకాగితం ముక్కలు అతికిస్తున్నాడు. అతికించి, పుస్తకంలా కుట్టి, నల్ల కాలికో గుడ్డ అంటించిన అట్ట వేసి, బిగించే చెక్కల మధ్య పెట్టి మర తిప్పాడు. ఏడోది విడిగా కవర్లో పెట్టి తన చొక్కా జేబులో దాచుకున్నాడు. ఇదంతా చేస్తున్నంతసేపూ "మనం రోడ్డున పడతాం, చూస్తూ ఉండు" అని గొణుగుతూనే ఉన్నాడు. నోరు ఒకటి అంటుంటే చేతులు ఇంకొకటి చేశాయి.

అయిదింటికి ప్రొఫెసర్ వచ్చాడు. ఈసారి స్టూలు లాక్కోలేదు.

"కట్టి ఉంచావా అమ్మా?"

అన్నీ పోయాయి సార్, చెత్తలో వేసేశాం అని చెప్పాలని పొద్దుటి నుంచీ వల్లె వేసుకుంది. ఆయన ముఖం చూడగానే ఆ అబద్ధం ఎటో పోయింది. నోట్లోంచి ఇంకొకటి వచ్చింది.

"ఇచ్చేశాను సార్."

"ఎవరికి?"

"కమిటీకి."

లోపల కత్తిరించే మెషిన్ చప్పుడు ఆగిపోయింది. ఆయన నవ్వాడు. నవ్వు కళ్ల దాకా రాలేదు.

"మీ అమ్మాయి వచ్చే ఏడు ఇక్కడే కదా చేరేది?" అన్నాడు. "జాగ్రత్తగా చదువుకోమను."

ఆయన కారు మలుపు తిరిగేదాకా ఆమె బల్ల అంచు పట్టుకునే నిలబడింది.

"అబద్ధం చెప్పావు" అన్నాడు భర్త గుమ్మంలోంచి.

"చెప్పాను. రేపు పదకొండింటికల్లా అది నిజం కావాలి."

*

శనివారం పొద్దున ఆరింటికి కొట్టు తెరిచి కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కన చూసి కొట్టడానికి ఎవరి రాతా లేదు. అదొక్కటే కొత్త. ఖాళీ పేజీ తెరిచింది, మార్జిన్లు తనే పెట్టుకుంది. ఫలానా కొట్లో టైపు చేసేది నేను, ఆ పేజీ ఆ పుస్తకంలోకి రావడం నా పొరపాటు, ఆ పేజీ రాసింది మాత్రం ఆ అమ్మాయిలు కాదు, ఎవరు రాశారో ఆయన చేతిరాతతో సహా జత చేస్తున్నాను అని కొట్టింది. కింద తన పేరు పెట్టింది. స్కేలు పెట్టి వరుస వరుసా చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"కృతజ్ఞతల పేజీ లేదు కదా?" అన్నాడు భర్త కాగితం అందుకుంటూ.

"చంపేస్తాను" అంది. వారం రోజుల్లో ఇద్దరూ నవ్వింది అప్పుడే, అదీ ఒక్క క్షణం. నవ్వాక ఆయన జేబులోంచి కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

పదింబావుకు, వెనక గేటు దాటుతుంటే ఫోన్ మోగింది. అవతల బస్సు హోరు.

"నాలుగో అధ్యాయం తెస్తున్నానక్కా" అంది ఆ గొంతు. "నా కాగితం మీరివ్వకండి. నేనే ఇస్తాను. పదకొండుకి అటూ ఇటుగా దిగుతాను. నేనొచ్చేదాకా మీరు ఎక్కడికీ వెళ్లకండి, ఒంటరిగా ఆ భవనం లోపలికి రాలేను."

"మెట్ల మీదే ఉంటాను."

ఆ మాట అన్నాకే మెట్లంటే ఏమిటో తెలిసింది. పాలనా భవనం మెట్లు నాలుగు దారులకూ కనిపిస్తాయి. పద్నాలుగేళ్లుగా ఆమె ఆ ఆవరణలో గోడ వారగా నడిచి, ప్రూఫులిచ్చి, గోడ వారగానే తిరిగొచ్చిన మనిషి. ఇరవై మంది అమ్మాయిలు అట్టముక్కల మీద రాసిన మాటలు పట్టుకుని కూర్చున్నారు. పిట్ట ఆమెను చూసి లేచి నిలబడింది. చేతిలోని నల్ల అట్ట పుస్తకాన్నీ, కవరునూ చూసి, పక్కకు జరిగి చోటు చూపించింది.

ఆమె కూర్చుంది. రాయి చల్లగా ఉంది.

పదకొండుకు పది నిమిషాలుందనగా ప్రొఫెసర్ కారు వచ్చింది. మెట్ల దగ్గర నెమ్మదించింది. అద్దం దిగింది. ఆయన ఆమె ముఖం చూశాడు, ఒళ్లో ఉన్న పుస్తకం చూశాడు. ఆమెకు కొంగుతో పుస్తకం కప్పుకోవాలనిపించింది, లేచి గోడ వారకు పోవాలనిపించింది, కూతురు గుర్తొచ్చింది. పిట్ట ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి కూడా వణుకుతోంది. ఇంతమందిని వెనకేసుకుని అరిచే పిల్లకు భయం ఉండదనుకుంది ఇన్నాళ్లూ.

ఆమె లేవలేదు. అద్దం పైకి లేచింది, కారు ముందుకు వెళ్లింది.

"అక్కా," అంది పిట్ట. "ఈసారి ప్రూఫు చూశారా?"

"రెండుసార్లు" అంది టైపక్క. అప్పుడే గేటు దగ్గర బస్సు ఆగింది. అందులోంచి దిగిన ఒకమ్మాయి చేతిసంచీ గుండెలకు హత్తుకుని నాలుగు వైపులా చూస్తోంది. టైపక్క లేచి నిలబడి, అందరికీ కనిపించేలా చెయ్యి ఊపింది.